గుమ్మానికి అడ్డంగా పడుకునే పిల్ల

ఫిబ్రవరి 3, సోమవారం

బస్సులో సీటు దొరకలేదు. ఆత్మకూరు నుంచి ఉదయగిరి దాకా నిలబడే వచ్చాను. కాళ్ళు ఎంత పీకుతున్నా స్కూలు గేటు దాటగానే నవ్వు ముఖం పెట్టుకోవాలి. కౌన్సిలర్ మేడం విసుగ్గా కనబడకూడదు. మా సంస్థవాళ్ళు ట్రైనింగ్ మొదటి రోజే చెప్పారు, పిల్లలు ముందు మన ముఖమే చూస్తారని. చెప్పినాయన కారులో వచ్చి కారులో పోయాడు.

ఈ ఆడపిల్లల హాస్టల్ స్కూల్లో నాకిచ్చిన గది వంటింటి పక్కది. ఒకప్పుడు బియ్యం బస్తాలు పెట్టేవాళ్ళు. బస్తాలు పోయాయి గానీ పురుగులు మిగిలాయి. పిల్లలు నా ఎదురుగా కూర్చుని ఏడుస్తుంటే టేబుల్ మీద తాపీగా నడుస్తుంటాయి.

వార్డెన్ ప్రమీలమ్మ ఈ రోజు ఒక పిల్లను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. పేరు రేణుక, ఏడో తరగతి. గొర్రెలు మేపుకునేవాళ్ళ పిల్ల. పోయిన జూన్‌లో చేరింది.

"ఈ పిల్లతో నా తల ప్రాణం తోకకొస్తా ఉండాది మేడం. మంచం ఇచ్చినాం, పరుపు ఇచ్చినాం. దాని మీద పడుకోదు. తలుపు కాడ గడపకి అడ్డంగా పడుకుంటాది. పోనీ నిద్రబోతాదా అంటే అదీ లేదు. కళ్ళు తెరుచుకోనే ఉంటాది. బాత్రూంకి లేచిన పిల్లోళ్ళు దయ్యమని అరస్తా ఉండారు."

రేణుక నేల చూస్తూ నిలబడింది. కళ్ళ కింద నలుపు. కూర్చోమంటే కూర్చుంది. అక్కడ ఎందుకు పడుకుంటావమ్మా అంటే "ఊరికే" అంది. పీరియడ్ మొత్తానికీ అదొక్క మాటే.

తర్వాత వచ్చిన ముగ్గురికీ తలనొప్పి. నాకూ తలనొప్పే.

ఫిబ్రవరి 4

ఏడు స్కూళ్ళకు ఒక్కదాన్ని. అయినా ఇది అలసట కాదు, ఎండ. ఎండలు ఇంకా ముదరలేదు గానీ ఎండే అయ్యుంటుంది.

ఫిబ్రవరి 6, గురువారం

రేణుక క్లాసులో నిద్రపోతోందని లెక్కల టీచర్, నిద్రపోతోందని సైన్స్ టీచర్. పగలు తూగుతోందంటే రాత్రి లేదనేగా. ఈ సంగతి కనుక్కోవడానికి నేనెందుకో.

ఈ రోజు కూడా పిల్ల నోరు విప్పలేదు. కిటికీ వైపు, తలుపు వైపు మార్చి మార్చి చూసింది. భయం. ఇంటి మీద బెంగ. పుస్తకాల్లో చెప్పినట్టే ఉంది. భద్రంగా ఉన్నాననిపిస్తే నిద్ర అదే వస్తుంది.

కాబట్టి ప్రమీలమ్మకు చెప్పాను. రేణుక మంచం హాలు మధ్యకు మార్చండి, అటూ ఇటూ పదో తరగతి పిల్లల్ని పడుకోబెట్టండి, తలుపుకు లోపలినుంచి తాళం వేసి తాళంచెవి మీ దగ్గర పెట్టుకోండి అని. ఆమె కాసేపు నా వైపు చూసింది.

"మీరు చెయ్యమంటే చేస్తా" అంది.

చాలా రోజులకు ఒక పని పూర్తి చేసినట్టనిపించింది. తిరుగు బస్సులో సీటు కూడా దొరికింది.

ఫిబ్రవరి 9, ఆదివారం

మా ఆయన నెల్లూరు నుంచి వచ్చారు. అక్కడి ఇంటర్ కాలేజీవాళ్ళు మళ్ళీ ఫోన్ చేశారట. పరీక్షల భయం పోగొట్టే కౌన్సిలర్ కావాలట. ఏసీ గది ఇస్తారట.

"ఏం చెప్పమంటావ్?" అన్నారు అన్నం కలుపుకుంటూ.

"ఆలోచిస్తున్నానని చెప్పండి."

ఆలోచించడం లేదు. ఆలోచించడానికి కూడా ఓపిక కావాలి.

ఫిబ్రవరి 10, సోమవారం

గేటు దగ్గరే వాచ్‌మన్ చెప్పాడు.

ఉదయాన్నే వంటవాళ్ళ కోసం తలుపు తీసినప్పుడు రేణుక జారుకుంది. బస్టాండులో చేజర్ల బస్సు ఎక్కడాగుతుందని అడుగుతుంటే టీ కొట్టామె యూనిఫాం చూసి పట్టుకుని, కూర్చోబెట్టి, స్కూలుకు కబురు పెట్టింది. ఆమె పట్టుకోకపోయి ఉంటే ఏమయ్యేదో.

వార్డెన్ ఆ పిల్ల మంచం మార్చిందట. నాలుగు రాత్రులూ ఒక్క క్షణం పడుకోలేదట, తాళం వేసిన తలుపు గుంజిందట. దాంతో బెదిరిపోయింది పాపం.

ప్రిన్సిపాల్ సుజాత గారు తలుపు మూసి మాట్లాడారు. చెడ్డ మనిషి కాదు.

"సుకుమారి గారూ, నాకు ఇంకా ఆరేళ్ళ సర్వీస్ ఉండాది. తెల్లారకముందే ఆడపిల్ల రోడ్డు మీదుంటే రేపు పేపర్లో నా పేరే వేస్తారు, మీ పేరు వెయ్యరు. ఈ పిల్ల హాస్టల్లో ఉండే స్థితిలో లేదని మీరు రాసిస్తే టీసీ ఇచ్చి పంపిస్తా. ఇంటికాడ అమ్మానాయన చూసుకుంటారు."

"ఇంటికి పంపిస్తే చదువు ఆగిపోతుంది మేడం. గొర్రెల వెంట పోతుంది."

"పోతే పోయింది, ప్రాణంతో ఉంటాది కదా. ఈ నెలాఖరు దాకా చూస్తా. అప్పటికీ పిల్ల రాత్రిపూట నిద్రబోకపోతే మీరు రాసియ్యాల."

సరేనన్నాను. ఇంకేమంటాను?

ఫిబ్రవరి 11

మంచం మార్చమన్నది నేనే.

ఫిబ్రవరి 13, గురువారం

ప్రమీలమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

వంటామె చేటలో బియ్యం పోసి నా టేబుల్ మీద పెట్టి ఎటో పోయింది. రేణుక వచ్చి కూర్చుంది. ఈ రోజు బొమ్మలు గీయించే ఓపిక, ప్రశ్నలడిగే ఓపిక నాకు లేవు. ఊరికే కూర్చుని బియ్యంలో పురుగులు ఏరడం మొదలుపెట్టాను. కాసేపటికి ఆ పిల్ల కూడా చెయ్యి కలిపింది. నాకంటే చురుగ్గా ఏరుతోంది.

"మేడం, మీ ఇంట్లో తలుపు కాడ ఎవురు పడుకుంటారు?" అంది ఉన్నట్టుండి.

"ఎవరూ పడుకోరు. గడియ పెట్టుకుంటాను."

"గడియ పెడితే కుక్కలు రావా?"

"ఏ కుక్కలు?"

పురుగులు ఏరుతూనే ఉంది. నేను ఏ కళనున్నానో గానీ మళ్ళీ అడగలేదు. అదే మేలైంది.

"నడిమద్దెన పడుకుంటే ఏమీ ఇనపడదు మేడం. తలుపు కాడైతే ఇనపడతాది."

"బస్టాండుకు ఎందుకు పోయావు?"

"చేజర్లకి. నాయనోళ్ళు ఆడ మంద నిలిపినారు."

"అక్కడికి పోయి?"

"ఇప్పుడు నాకు నిద్ర రాదని నాయనకి చెప్పేదానికి."

నిద్ర పట్టడం లేదని నాయనకు చెప్పుకుందామనుకుంది, పాపం. అడవి గాలికి పెరిగిన పిల్ల. ఇక్కడి ఉక్కపోతకు నిద్ర పట్టకపోవడంలో వింతేముంది.

మంచం తిరిగి పాత చోటికి, గోడ పక్కకు వేయించాను. ఎలాగూ మంచం మీద పడుకోదు.

ఫిబ్రవరి 16, ఆదివారం

ఆదివారం పూట ఎందుకు పోయానో నాకే తెలియదు. బట్టలు నానబెట్టి, వాటిని అలాగే వదిలేసి చేజర్ల ఆటో ఎక్కాను.

ముందుగా కోసిన మళ్ళల్లో గొర్రెల మందలు కనబడుతున్నాయి. ఏటా ఈ కాలానికి ఉదయగిరి కొండల పక్కనుంచి దిగి వస్తారు. రాత్రిపూట మందను రైతు మడిలో నిలుపుతారు. మడికి ఎరువు, వీళ్ళకు వడ్లు. చుట్టూ వల కట్టి ఒకచోట మాత్రం దారి వదులుతారు. ఆ దారికి అడ్డంగా ఒక మనిషి పడుకోవాలి. రాత్రి కుక్క వచ్చినా నక్క వచ్చినా ఆ మనిషి మీదుగా రావాల్సిందే. ఇదంతా నాకు చెప్పింది రేణుక నాయన కామయ్య, వల చూపిస్తూ. వలకు ఉన్న ఆ సందును, దాని ముందు పరిచిన గోనెపట్టాను చూస్తుంటే హాస్టల్ గడప గుర్తొచ్చింది.

"రేణుక ఎప్పుడైనా ఇక్కడ పడుకునేదా?"

"పడుకునేది. మాకు ఇది ఒక్కతే బిడ్డ. నేనొక రేయి, దానెమ్మ ఒక రేయి, అదొక రేయి. ముందటేడు కలువాయి తట్టు నిలిపినప్పుడు దాని వంతు రేయి కుక్కలు పడినాయి మేడం. నిద్రబోయింది. గొర్రెపిల్లల్ని, అప్పుడే పుట్టినవాటిని, గొంతులు కొరికేసినాయి. తెల్లారి చూస్తే ఏముండాది, అంతా నెత్తురు."

"తిట్టారా?"

"ఒక్క మాట అన్లేదు. దాని మొగం జూసినాక ఏమంటాం? ఈ బతుకు దీనికొద్దనుకున్నా. మళ్ళా ఈడ పడుకోనీలేదు. వాళ్ళనీ వీళ్ళనీ పట్టుకోని హాస్టల్లో ఏసినా. ఆడ మంచం ఉంటాది, ఫ్యాను ఉంటాది, తెల్లారిందాకా నిద్రబోవచ్చు."

"ఆ మాట దానికి చెప్పారా?"

"చెప్పేదేముండాది? బడికేస్తే అర్థం కాదా?"

పొయ్యి దగ్గర కూర్చున్న తల్లి అప్పుడు తలెత్తింది.

"నిద్రబోయినందుకు నన్ను తోలేస్తా ఉండారా అమ్మా అని అడిగిందయ్యా, పెట్టె సర్దేటప్పుడు. పిచ్చిదానా అని నవ్వినా."

అప్పుడు అర్థమైంది నాకు, నిద్ర రాదని చెప్పేదానికి అంటే ఏమిటో. అది ఫిర్యాదు కాదు. నేనిప్పుడు మేలుకుని ఉండగలను, కాపలా కాయగలను, నన్ను ఇంటికి రానివ్వండి అని. దానికోసం ఎనిమిది నెలలుగా ఒక హాలు నిండా పిల్లలకు కాపలా కాస్తోంది. నేనేమో దాన్ని తీసుకుపోయి మధ్యలో పెట్టి తాళం వేయించాను.

ఉన్నదున్నట్టు కామయ్యకు చెప్పాను. చాలాసేపు కర్రతో నేల గీకుతూ ఉండిపోయాడు.

"అట్లనుకున్నిందా" అన్నాడు.

ఒక్కసారి స్కూలుకు వచ్చి మీ నోటితో చెప్పండి అని బతిమాలాను. మందను విడిచి రావడం కుదరదన్నాడు. చూస్తానన్నాడు. ఆ "చూస్తాను" నాకు బాగా తెలుసు. నేను కూడా రోజూ పదిమందికి అదే చెబుతుంటాను.

ఫిబ్రవరి 18

సంస్థ నుంచి మెయిల్. నిధులిచ్చేవాళ్ళు ఆపేశారట. మార్చి నెలాఖరుతో ప్రాజెక్టు ముగింపు. నా సేవలను కొనియాడారు. నా పేరు తప్పు రాశారు.

బాధేమీ లేదు. నానబెట్టిన బట్టలు వాసన వస్తుంటే మళ్ళీ ఉతికాను.

ఫిబ్రవరి 20, గురువారం

రేణుకకు చెప్పాను. మీ నాయన నిన్ను తరిమెయ్యలేదు, నువ్వు హాయిగా నిద్రపోవాలనే పంపించాడు అని. తలూపింది. టీచర్లు ఏది చెప్పినా పిల్లలు ఊపే ఊపు అది.

సుజాత గారికీ చెప్పాను. ఆమెకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కళ్ళు తుడుచుకుని "అదంతా నిజమే, కానీ రేత్రంతా మేలుకుంటే పిల్ల ఎన్నాళ్ళు బతికి బట్ట కడతాది? నెలాఖరు మాట నెలాఖరుదే" అన్నారు. ఒళ్ళు మండింది. బస్సెక్కాక ఆలోచిస్తే ఆమె చెప్పిందీ తప్పు కాదు.

మార్చి తర్వాత నేను రానని ఏ స్కూల్లోనూ ఇంకా చెప్పలేదు. చెప్పడానికి సరైన సమయం చూస్తున్నాను.

ఫిబ్రవరి 24, సోమవారం

కామయ్య వచ్చాడు!

తెల్ల పంచె, తలకు తువ్వాలు, చేతిలో వేయించిన శెనక్కాయల సంచి. మంద దగ్గర భార్యను ఒక్కదాన్నే వదిలి వచ్చాడట. కుర్చీ వేస్తే కూర్చోలేదు. నా గది గుమ్మంలోనే గొంతుక్కూర్చున్నాడు. రేణుక ఎదురుగా నిలబడింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోరు. నేను బయటికి పోదామనుకున్నాను గానీ ఆయన దారికడ్డంగా ఉన్నాడు.

"ఏంది మే, నిద్రబోవటంలేదంట?"

"నాకు నిద్ర రాదు నాయనా ఇప్పుడు. రేత్రంతా మేలుకోనే ఉంటా. అడుగు కావాలంటే."

"నిన్ను మేలుకోమనింది ఎవురు?"

రేణుక శెనక్కాయల సంచి వైపు చూసింది.

"ఆ రేయి నువ్వొకదానివే నిద్రబోయినావా? నేను నిద్రబోయినా. మీ అమ్మ నిద్రబోయింది. కుక్కలు మీదపడి కొరకతా ఉంటే పెద్దోళ్ళం మాకే మెలకువ రాలా. పగలంతా నడిచినోళ్ళకి నిద్ర రాదా? నువ్వు తప్పు చేసినావని తోల్లేదు మే. నిద్రబోతావని తోలినా."

"పిల్లలు చచ్చిపోయినాయి కదా నాయనా."

"చచ్చిపోయినాయి. మళ్ళా గొర్రెలు ఈనినాయి. ఆ పిల్లలు ఇప్పుడు మందలో తిరగతా ఉండాయి, ఎండాకాలం వచ్చి చూసుకో."

రేణుక అప్పుడు ఏడ్చింది. పోయిన జూన్ నుంచీ ఎవరూ చూడని ఏడుపు. ప్రమీలమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి, గుమ్మంలో ఆగి, తనూ ఏడ్చింది. నేను ఏడవలేదు. బియ్యం పురుగులు చూస్తూ కూర్చున్నాను.

ఈ రాత్రి పడుకుంటుంది. తప్పకుండా పడుకుంటుంది.

ఫిబ్రవరి 25

ప్రమీలమ్మకు ఫోన్ చేశాను. పడుకోలేదట. మళ్ళీ గడపకే.

"మంచం మీద ఎక్కింది మేడం, శానాసేపు అట్టా ఇట్టా పొర్లింది. మళ్ళా లేచి పోయి ఆడ్నే పడుకునింది. నాయన చెప్పినాడు కదమ్మా అంటే, సరే కానీ ఈడ ఎవురు చూస్తారు మేడం అనింది."

ఫోన్ పెట్టేశాను. ఇది అలసటే. ఎండ కాదు. నేను అలిసిపోయాను.

ఫిబ్రవరి 27, గురువారం

నిన్న శివరాత్రి. బస్సులో సగంమంది జాగారం కళ్ళతో తూగుతున్నారు. నేను మాత్రం జాగారం చెయ్యకుండానే అలా ఉన్నాను.

రేపే నెలాఖరు. సుజాత గారికి ఏం రాసివ్వాలా అని దారి పొడుగునా తన్నుకులాడాను. ప్రమీలమ్మ గేటు దగ్గరే ఎదురుచూస్తోంది. ముఖం ఎలాగో ఉంది, నవ్వాలో ఏడవాలో తెలియనట్టు.

"మేడం, ఏం చెప్పేది. రాత్రి పిల్లోళ్ళంతా జాగారమని హాల్లో పాటలు పాడుకుంటా కూర్చున్నారు. పదో క్లాసోళ్ళు ఒక మూల చదువుకుంటా ఉండారు. నేనూ కూర్చున్నా. ఊరంతా మేలుకునే రోజు ఈ పిల్ల నిద్రబోయింది మేడం! అందరి నడిమద్దెన, ఆ గోలలో, బోర్లాపడి. తెల్లారి బెల్లు కొట్టినా లేవలా. శివరాత్రి నాడు నిద్రేందే పాపిష్టిదానా అని పిల్లోళ్ళు నవ్వినారు."

నేను అక్కడే గేటు కమ్మీ పట్టుకుని నిలబడిపోయాను. ఎంత చిన్న సంగతి. నాయన మాట మనసులోని తప్పును తీసేసింది గానీ కాపలాను తీసెయ్యలేదు. ఎవరో ఒకరు మేలుకుని ఉంటే చాలు, ఆ పిల్ల పడుకుంటుంది. ఇన్నాళ్ళూ మేమందరం నువ్వు పడుకో నువ్వు పడుకో అని చెప్పామే తప్ప, మేం మేలుకుని ఉంటామని ఒక్కరమూ చెప్పలేదు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక రేణుకను పిలిచాను. నా గదిలో చాప పరిచాను. కుర్చీ లాగి గుమ్మానికి అడ్డంగా వేసుకుని కూర్చున్నాను.

"నేనిక్కడ ఉంటాను. నువ్వు పడుకో."

"మీరు నిద్రబోతే?"

"పోను."

"బస్సుకి పోవాల కదా?"

"నువ్వు లేచినాకే పోతాను."

నన్ను పరీక్షగా చూసింది. చూడాల్సిందే. చాప మీద ఒత్తిగిల్లి పడుకుని ఒకసారి తలెత్తి చూసింది, ఇంకోసారి చూసింది, మూడోసారి తలెత్తలేదు. నోరు కొంచెం తెరుచుకుని, చెయ్యి చెంప కింద పెట్టుకుని నిద్రపోయింది. ఎంత చిన్న పిల్లో అప్పుడు తెలిసింది. నాకు దుఃఖం ఆగలేదు. కాపలా వదిలి ముఖం కడుక్కోవడానికి లేదు కాబట్టి కొంగుతోనే తుడుచుకున్నాను.

సాయంత్రం బెల్లు కొట్టారు. పిల్లలు అరుచుకుంటూ పోయారు. కదల్లేదు. సుజాత గారు చేతిలో తెల్లకాగితం పట్టుకుని వచ్చారు, నా చేత రాయించుకోవడానికి. నేను నోటి మీద వేలు పెట్టాను. ఆమె నా భుజం మీదుగా లోపలికి తొంగి చూశారు. చాలాసేపు చూశారు.

"ఎప్పట్నించి?" అన్నారు గుసగుసగా.

"భోజనాలైనప్పటి నుంచి. ఈ పిల్లకు జబ్బేమీ లేదు మేడం. ఒక మనిషి తలుపు దగ్గర ఉంటే చాలు."

"దినామూ ఎవురుంటారు సుకుమారి గారూ? మీరుంటారా?"

మార్చి తర్వాత నేను రాను. ఆ మాట మొదటిసారి అప్పుడు చెప్పాను, పిల్ల లేవకుండా, గొంతు తగ్గించి. సుజాత గారు చేతిలోని కాగితం వైపు చూసుకున్నారు. వెనకాల టీ గ్లాసుతో ప్రమీలమ్మ నిలబడి ఉంది. ఆమె కూడా వింది.

"లేయండి మేడం, మీ బస్సుకి టైమయింది" అంది ప్రమీలమ్మ. "నేను కూర్చుంటా. రాత్రికి నా మంచం తలుపు కాడ ఏసుకుంటాలే. ఎట్టాగూ ఈ మోకాళ్ళ నొప్పితో నాకు నిద్ర రాదు."

సుజాత గారు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టారు.

"సరే, ఉండనీండి. మళ్ళా రోడ్డు మీద కనపడితే మాత్రం ఊరుకోను" అని, చెప్పులు చప్పుడు కాకుండా నడుచుకుంటూ పోయారు.

లేచాను. నేను లేచినాకే పోతానని మేడం అన్నారే అని పిల్ల అడిగితే ఏం చెబుతారు అన్నాను ప్రమీలమ్మతో. "నాకు అప్పజెప్పి పోయిందని చెప్తా" అంది. కుర్చీ ఆమెకు ఇవ్వబోతే వద్దంది. మోకాళ్ళు పట్టుకుని మెల్లగా కిందికి దిగి, గడపకు అడ్డంగా కాళ్ళు చాపుకుని కూర్చుంది. ఆమెను దాటుకుని బయటికి రావాల్సి వచ్చింది.

చివరి బస్సులో ఎవరో సర్దుకుని చోటిచ్చారు. ఎక్కడం గుర్తుంది. ఉదయగిరి దాటడం గుర్తు లేదు. ఆత్మకూరులో కండక్టర్ భుజం తట్టి లేపాడు. బస్సు దాదాపు ఖాళీ. నా బ్యాగు నా ఒళ్ళో లేదు. పక్క సీటులో కూర్చున్న ఒక ముసలామె దాన్ని రెండు చేతులతో పట్టుకుని నాకోసం ఎదురుచూస్తోంది.

"అంత నిద్రేందమ్మా" అంది. "నీ బ్యాగు కింద పడిపోయింది. నువ్వు లేచిందాకా పట్టుకోనుండా."